అడవి మంటల పొగ: మూలాన్ని గుర్తించే విధానం, గమనాన్ని అనుసరించే సాధనాలు

ఫిబ్రవరి రెండవ పక్షం నుండి మే నెలాఖరు వరకు తూర్పు కనుమలను ఆనుకొని ఉన్న గ్రామాలలో ఉదయపు ఆకాశం తరచుగా మసకబారి కనిపిస్తుంది. అది మంచు కాదు. ఎండ ఎక్కినా విడిపోదు, కళ్లు మండుతాయి, ఎండుటాకులు కాలిన వాసన వస్తుంది. ఈ పొగ ఎక్కడిదన్న ప్రశ్నకు ఊరిలో సిద్ధంగా మూడు సమాధానాలు ఉంటాయి. వరి కొయ్యకాళ్లు తగులబెట్టిన రైతుల వల్లనని కొందరు, కొండమీద పోడు కొట్టిన గిరిజనుల వల్లనని కొందరు, అడవి అంటుకున్నదని మరికొందరు చెబుతారు. ఒక్కొక్క రోజున ఈ మూడింటిలో ఏదైనా నిజం కావచ్చు. మూడూ కాక, వందల కిలోమీటర్ల అవతల రెండు రోజుల క్రితం రేగిన మంట కూడా కారణం కావచ్చు.

ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానానికి పర్యవసానాలు ఉన్నాయి. దేశ రాజధాని ప్రాంతంలోనూ దాని పరిసరాలలోనూ పంట వ్యర్థాలను కాల్చిన రైతులపై విధించే పర్యావరణ పరిహారాన్ని 2024 నవంబరులో రెట్టింపు చేశారు. రెండెకరాల లోపు రైతుకు రూ. 5,000, రెండు నుండి ఐదెకరాల రైతుకు రూ. 10,000, అంతకు మించిన వారికి రూ. 30,000గా అది నిర్ణయమైంది. ఉపగ్రహ పటం మీది ఒక ఎర్రచుక్క ఒక కుటుంబానికి జరిమానా నోటీసుగా మారగల కాలమిది. కనుక పొగ మూలాన్ని ఏ పద్ధతిలో, ఎంతటి ఖచ్చితత్వంతో నిర్ణయించవచ్చునో, ఆ ఖచ్చితత్వం ఎక్కడ ఆగిపోతుందో విస్తరణ శాస్త్రవేత్తలు, వ్యవసాయ విద్యార్థులు స్పష్టంగా తెలుసుకొని ఉండడం అవసరం.

ఈ ప్రాంతపు పొగకు మూలాలు

నల్లమల, శేషాచలం, పాపికొండలు, గోదావరి లోయ, బస్తర్, కోరాపుట్, మల్కాన్‌గిరి అడవులలో అధిక భాగం ఆకురాల్చే రకానికి చెందినవి. చలికాలం ముగిసేసరికి టేకు, నల్లమద్ది, ఏగిస, వెదురు ఆకులు రాలి నేలమీద ఎండిన పరుపులా ఏర్పడతాయి. ఈ ఆకుల పొరయే మంటకు ఇంధనం. ఇక్కడి మంటలు ప్రధానంగా నేలబారు మంటలు. ఆకులు, గడ్డి, పొదలు కాలుతూ మంట ముందుకు సాగుతుంది కాని కొమ్మల పైకి పాకడం తక్కువ.

ఈ మంటలలో అత్యధికం మనుషుల పనులతో ముడిపడినవే. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింది ఆకులను కాల్చడం, తునికి పొదలకు లేత చిగుళ్లు రావాలని నిప్పు పెట్టడం, పశువుల మేతకు కొత్త గడ్డి మొలవాలని కాల్చడం, పోడు భూమిని సిద్ధం చేయడం, బాటసారులు ఆర్పకుండా వదిలిన నిప్పు ప్రధాన కారణాలు. 2014 మార్చిలో తిరుమల కొండలపై శేషాచలం అడవి అంటుకున్నప్పుడు మంటలను ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లను వినియోగించవలసి వచ్చింది.

డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ నవంబరు నుండి జూన్ వరకు గల కాలాన్ని మంటల కాలంగా పరిగణిస్తుంది. 2023-24 కాలంలో దేశవ్యాప్తంగా 2,03,544 అగ్ని సంకేతాలను ఆ సంస్థ నమోదు చేసింది. వీటిలో ఉత్తరాఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మొదటి మూడు స్థానాలలో ఉన్నాయి. చివరి రెండు రాష్ట్రాలు తెలుగు రాష్ట్రాలకు సరిహద్దున ఉన్నవే. దేశంలోని అటవీ విస్తీర్ణంలో 36 శాతానికి పైగా తరచుగా మంటల బారిన పడే అవకాశం గలదని అదే సంస్థ 2019 నివేదికలో పేర్కొన్నది.

ఇదే కాలంలో పొలాలలోనూ నిప్పు కనిపిస్తుంది. జనవరి నుండి మార్చి వరకు చెరకు ఆకు, ఫిబ్రవరి, మార్చి నెలలలో పత్తి కట్టె, ఏప్రిల్, మే నెలలలో యాసంగి వరి కొయ్యకాళ్లు కాలుతుంటాయి. వీటికి తోడు ఇటుక బట్టీలు, చెత్తకుప్పలు, పరిశ్రమలు ఉన్నాయి. అడవి పొగ, పొలం పొగ ఒకే నెలలో, ఒకే గాలిలో కలిసిపోవడమే ఈ ప్రాంతంలో మూలాన్వేషణను కష్టతరం చేస్తున్నది.

అగ్ని సంకేతం: అది చెప్పేది, చెప్పనిది

మూలాన్వేషణకు మొదటి ఆధారం ఉపగ్రహాలు గుర్తించే అగ్ని సంకేతం. మండుతున్న నేల పరిసరాల కంటే మధ్య పరారుణ తరంగాలను ఎన్నో రెట్లు అధికంగా వెలువరిస్తుంది. ఉపగ్రహంలోని సెన్సర్ ఈ తేడాను పట్టుకొని, ఆ గడి మధ్యభాగంలో ఒక చుక్కను నమోదు చేస్తుంది. 1999లో ప్రయోగించిన టెర్రా, 2002లో ప్రయోగించిన ఆక్వా ఉపగ్రహాలలోని మోడిస్ సెన్సర్ గడి పరిమాణం ఒక కిలోమీటరు. 2011లోనూ ఆ తరువాతనూ ప్రయోగించిన సువోమీ ఎన్.పి.పి., నోవా-20, నోవా-21 ఉపగ్రహాలలోని వీర్స్ సెన్సర్ గడి 375 మీటర్లు. ఈ సమాచారాన్ని నాసా వారి ఫర్మ్స్ వ్యవస్థ ఉపగ్రహం దాటిన సుమారు మూడు గంటలలో ఉచితంగా అందిస్తుంది. భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఇదే సమాచారాన్ని అటవీ సరిహద్దులతో సరిపోల్చి, 'వన్ అగ్ని' పోర్టల్ ద్వారా బీట్ స్థాయి వరకు హెచ్చరికలు పంపుతుంది. పేరు నమోదు చేసుకున్న పౌరులకు కూడా ఇవి అందుతాయి.

చుక్కను చదివేటప్పుడు నాలుగు పరిమితులను గుర్తుంచుకోవాలి.

మొదటిది విస్తీర్ణం. వీర్స్ గడి ఒక్కొక్కటి సుమారు 14 హెక్టార్లు, అంటే 35 ఎకరాలు. మోడిస్ గడి 100 హెక్టార్లు. ఒక చుక్క కనిపించినంత మాత్రాన 35 ఎకరాలు కాలినట్లు కాదు. ఆ 35 ఎకరాలలో ఎక్కడో ఒక మూల, ఒక చిన్న మడిలోని గడ్డి కాలుతున్నా చుక్క పడవచ్చు. చుక్కల సంఖ్యను 35తో హెచ్చించి కాలిన విస్తీర్ణంగా చూపడం విద్యార్థుల ప్రాజెక్టులలో తరచుగా కనిపించే పొరపాటు. అలాగే చుక్క ఉన్న సర్వే నంబరే కాలిన సర్వే నంబరు అని భావించడమూ పొరపాటే. చిన్న కమతాలు గల చోట ఒకే గడిలో పదిమందికి పైగా రైతుల భూములు ఉండవచ్చు.

రెండవది సమయం. వీర్స్ గల ఉపగ్రహాలు మధ్యాహ్నం, రాత్రి ఒకటిన్నర గంటల ప్రాంతంలో దాటుతాయి. సాయంత్రం నాలుగింటికి అంటుకొని ఏడింటికి ఆరిపోయిన మంట వాటికి కనిపించదు. పంజాబ్‌లో అధికారికంగా నమోదైన పంట వ్యర్థాల మంటలు 2023లో 36,663 కాగా 2024లో 10,909కి తగ్గాయి. అయితే ఉపగ్రహం దాటిపోయిన తరువాత పొలాలను కాల్చుతున్న సూచనలు ఉన్నాయని నాసా శాస్త్రవేత్త హిరేన్ జెత్వా 2024లో కొరియా భూస్థిర ఉపగ్రహ చిత్రాల ఆధారంగా వెల్లడించారు. చుక్కలు తగ్గడం, పొగ తగ్గడం ఒకటి కావని ఈ అనుభవం హెచ్చరిస్తున్నది. ఇన్శాట్-3డిఆర్, ఇన్శాట్-3డిఎస్ వంటి భూస్థిర ఉపగ్రహాలు పగలూ రాత్రీ ఎడతెగకుండా ఒకే ప్రాంతాన్ని చూస్తుంటాయి. కాని వాటి ఉష్ణ పరారుణ గడి నాలుగు కిలోమీటర్లు కనుక పెద్ద మంటలే పట్టుబడతాయి.

మూడవది మరుగు. మేఘాల కింద ఉన్న మంట, దట్టమైన చెట్ల నీడలో నెమ్మదిగా పాకే నేలమంట కనిపించకపోవచ్చు. మే నెలలో క్యుములోనింబస్ మేఘాలు పెరిగేకొద్దీ ఈ లోపం పెరుగుతుంది.

నాలుగవది మంట కాని వేడి. ఉక్కు కర్మాగారాలు, కృష్ణా-గోదావరి బేసిన్‌లో మండించే సహజవాయువు, పెద్ద ఇటుక బట్టీలు కూడా చుక్కలుగా నమోదు కాగలవు. ఏడాది పొడవునా ఒకే చోట చుక్క పడుతుంటే అది అడవి మంట కాదని గ్రహించాలి.

చుక్కతో పాటు లభించే మరొక విలువ అగ్ని వికిరణ సామర్థ్యం. దీనిని మెగావాట్లలో తెలుపుతారు. ఒక మెగాజౌల్ వికిరణ శక్తికి సుమారు 0.37 కిలోల ఎండు పదార్థం కాలినట్లు ప్రయోగాలలో తేలింది. ఈ లెక్కన 10 మెగావాట్ల మంటలో సెకనుకు సుమారు 3.7 కిలోలు, గంటకు 13 టన్నుల పైచిలుకు ఎండు పదార్థం కాలుతుంది. కిలో ఎండు పదార్థానికి సుమారు 6 నుండి 9 గ్రాముల సూక్ష్మ ధూళికణాలు వెలువడతాయనుకుంటే, ఆ మంట గంటకు దాదాపు ఒక క్వింటాలు సూక్ష్మ కణాలను గాలిలోకి వదులుతున్నదన్నమాట. కనుక చుక్కలను లెక్కించడం కంటే వాటి సామర్థ్యాలను కూడడం పొగ అంచనాకు మేలైన మార్గం. ఆకుల పొర లోలోపల రగిలే నిప్పు తక్కువ వేడితో ఎక్కువ పొగను ఇస్తుంది కనుక ఈ అంచనా కూడా అసలు పొగ కంటే తక్కువగానే ఉండే అవకాశం ఉంది.

పొగ ప్రయాణం: దిశ, ఎత్తు

మంట ఎక్కడ ఉన్నదో తెలిసినంత మాత్రాన పొగ ఎక్కడికి చేరుతుందో తెలియదు. అది గాలి దిశ మీద, పొగ లేచిన ఎత్తు మీద ఆధారపడి ఉంటుంది.

చలికాలం చివర తెలుగు రాష్ట్రాల మీద కింది పొరలలో సాధారణంగా తూర్పు, ఈశాన్య గాలులు వీస్తాయి. అప్పుడు దక్షిణ ఛత్తీస్‌గఢ్, ఒడిశా కొండల పొగ తెలంగాణ వైపు, కోస్తా వైపు సాగడానికి అనుకూలత ఉంటుంది. మార్చి తరువాత పరిస్థితి మారుతుంది. విదర్భ పరిసరాల నుండి తెలంగాణ, రాయలసీమల మీదుగా తమిళనాడు వరకు ఉపరితల ద్రోణి లేదా గాలుల విచ్ఛిన్నతి విస్తరించి ఉన్నదని వాతావరణ శాఖ బులెటిన్లలో తరచుగా కనిపిస్తుంది. ఈ ద్రోణికి పశ్చిమాన పొడి వాయవ్య గాలులు, తూర్పున బంగాళాఖాతం నుండి తేమతో కూడిన దక్షిణ, ఆగ్నేయ గాలులు వీస్తాయి. ద్రోణి ఒక రోజు తూర్పుకు, మరొక రోజు పడమరకు జరుగుతుంది. ఒకే గ్రామానికి సోమవారం విదర్భ వైపు నుండి, బుధవారం కోస్తా వైపు నుండి గాలి రావచ్చు. అందుచేత కాలానుగుణ సగటు గాలి దిశను చూసి ఒక నిర్దిష్ట దినపు పొగ మూలాన్ని నిర్ణయించరాదు.

ఎత్తు విషయం మరింత సూక్ష్మమైనది. నేలను ఆనుకొని, పగటి వేడికి కలగలిసే గాలి పొరను సరిహద్దు పొర అంటారు. వేసవి మధ్యాహ్నం దక్కన్ పీఠభూమి మీద ఇది రెండు మూడు కిలోమీటర్ల ఎత్తు వరకు పెరుగుతుంది. రాత్రి నేల చల్లబడగానే కొన్ని వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. మధ్యాహ్నపు మంట నుండి పైకి లేచిన పొగ రాత్రివేళ ఈ పలుచని పొరకు పైన చిక్కుకొని, నేల రాపిడి లేని వేగవంతమైన గాలులలో దూరం ప్రయాణిస్తుంది. మరునాడు ఉదయం ఎండకు సరిహద్దు పొర తిరిగి పెరిగి ఆ పొగ ఉన్న ఎత్తును అందుకోగానే, పొగ ఒక్కసారిగా నేల మీదికి కలగలిసి దిగుతుంది. తెల్లవారుజామున నిర్మలంగా ఉన్న ఊరిలో తొమ్మిది, పది గంటలకు అకస్మాత్తుగా పొగ కమ్ముకొనడానికి ఇది ఒక కారణం. ఆ వేళ ఊరి చుట్టుపక్కల ఎక్కడా నిప్పు ఉండకపోవచ్చు. దీనికి భిన్నంగా, స్థానికంగా సాయంత్రం పెట్టిన మంటల పొగ రాత్రి పలుచని పొరలోనే చిక్కుకొని తెల్లవారుజామున గరిష్ఠానికి చేరి, ఎండ ఎక్కేకొద్దీ పలుచబడుతుంది. రోజులో పొగ పెరిగి తరిగే తీరును పరిశీలిస్తేనే స్థానిక పొగ, దూరపు పొగ మధ్య తేడా కొంతవరకు తెలుస్తుంది.

ఎత్తు ఎంత నిర్ణాయకమో 2023లో కెనడా మంటలు స్పష్టంగా చూపాయి. జూన్ ఆరంభంలో క్యూబెక్ అడవులలో లేచిన పొగ, తూర్పు తీరానికి చేరువలో నిలిచిన అల్పపీడనం పశ్చిమ పార్శ్వపు ఉత్తర గాలులతో వందల కిలోమీటర్లు కింది పొరలలోనే దిగి వచ్చింది. జూన్ 7న న్యూయార్క్ నగర ఆకాశం నారింజ రంగుకు మారింది. నగరంలో నిప్పు లేదు, పొగ మాత్రం ముక్కు ముందు ఉంది. అదే నెల చివరలో అవే అడవుల పొగ అట్లాంటిక్ దాటి పశ్చిమ ఐరోపా మీదికి చేరింది. అక్కడ అది ప్రధానంగా పై పొరలలో ఉండడం వల్ల ఆకాశం మసకబారి, సూర్యాస్తమయాలు ఎర్రబడినా నేల మీది గాలి అంతగా చెడలేదు. ఉపగ్రహ చిత్రంలో రెండు చోట్లా పొగ కనిపించింది. మనుషులు పీల్చినది మాత్రం ఒకచోటనే.

తెలుగు రాష్ట్రాలలోని నేలబారు మంటలు కెనడా మంటలంత ఎత్తుకు పొగను ఎగదోయవు. ఇక్కడి పొగ అధికంగా మొదటి రెండు మూడు కిలోమీటర్లలోనే ఉంటుంది. అంటే అది ఖండాలు దాటకపోయినా జిల్లాలు, రాష్ట్రాలు దాటుతుంది, దాటినప్పుడు జనం ముక్కుకు దగ్గరగా ఉంటుంది.

నేల మీది కొలతలు

ఉపగ్రహం చూపే ఏరోసాల్ దృశ్య గాఢత నేల నుండి ఆకాశం వరకు గల నిలువు స్తంభంలోని మొత్తం కణాలను సూచిస్తుంది. మనిషి పీల్చే గాలిని కొలవాలంటే నేల మీది పరికరమే కావాలి. రెండున్నర మైక్రాన్ల కంటే చిన్నవైన పి.ఎం. 2.5 కణాలకు భారత జాతీయ ప్రమాణం 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి 15 మైక్రోగ్రాములు.

కొలత అందుబాటులో ఉన్నప్పుడు అది పొగా, దుమ్మా అని తేల్చడానికి సులువైన పరీక్ష పి.ఎం. 2.5ను పి.ఎం. 10తో భాగించడం. వేసవి గాలికి లేచిన మట్టి దుమ్ములో పెద్ద కణాలు అధికం కనుక ఈ నిష్పత్తి తక్కువగా ఉంటుంది. పొగలో సన్న కణాలు అధికం కనుక నిష్పత్తి పెరుగుతుంది. అదే సమయంలో కార్బన్ మోనాక్సైడ్ కూడా పెరిగితే ఏదో కాలుతున్నదని మరింత నమ్మకంగా చెప్పవచ్చు. కణాలను వడపోత కాగితంపై సేకరించి విశ్లేషించే సౌకర్యం ఉన్న ప్రయోగశాలలలో లెవోగ్లూకోసాన్ అనే పదార్థాన్ని చూస్తారు. ఇది సెల్యులోజ్ కాలినప్పుడు ఏర్పడుతుంది, డీజిల్ పొగలో ఉండదు. నీటిలో కరిగే పొటాషియం మరొక సూచిక. అయితే ఇవి మొక్కల పదార్థం కాలినదని మాత్రమే తెలుపుతాయి. ఆ మొక్క టేకా, వరియా అన్నది వీటితో తేలదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వ్యవస్థకు అనుసంధానమైన నిరంతర కొలత కేంద్రాలు ప్రధానంగా నగరాలలోనే ఉన్నాయి. మంటలకు అతి సమీపంలో ఉండే ఏజెన్సీ గ్రామాల గాలి మాత్రం చాలావరకు కొలత లేకుండానే మిగిలిపోతున్నది. తక్కువ ధర సెన్సర్లు ఈ లోటును కొంత పూరించగలవు. కాని గాలిలో తేమ బాగా పెరిగినప్పుడు కణాలు నీటిని పీల్చుకొని ఉబ్బడం వల్ల ఇవి ఎక్కువ విలువలను చూపుతాయి. ప్రమాణ పరికరం పక్కన కొన్ని వారాలు ఉంచి సరిచేసిన తరువాతనే వీటి కొలతలను వినియోగించాలి.

వెనుకకు లెక్కించే పద్ధతి

ఒక ఊహాత్మక ఉదాహరణతో ఈ ఆధారాలను కలిపి చూడవచ్చు. మార్చి మొదటి వారంలో ఒక ఉదయం పది గంటలకు హైదరాబాద్‌లో పి.ఎం. 2.5 హఠాత్తుగా పెరిగింది. పి.ఎం. 10తో దాని నిష్పత్తి కూడా పెరిగింది. కనుక ఇది దుమ్ము కాదు. పెరుగుదల తెల్లవారుజామున కాక సరిహద్దు పొర ఎదిగే వేళ వచ్చింది. కనుక పై నుండి దిగిన పొగ అయ్యే అవకాశం ఉంది.

తరువాతి మెట్టు గాలి మార్గాన్ని వెనుకకు లెక్కించడం. అమెరికా నోవా సంస్థకు చెందిన వాయు వనరుల ప్రయోగశాల రూపొందించిన హైస్ప్లిట్ నమూనా ఇందుకు విస్తృతంగా వాడుకలో ఉంది. దీనిని అంతర్జాలంలో ఉచితంగా నడపవచ్చు. ప్రదేశం, సమయం, ఎత్తు ఇస్తే, ఆ గాలి గత 24, 48 లేదా 72 గంటలలో ఎక్కడెక్కడ ఉన్నదో గీతగా చూపుతుంది. ఒకే ఎత్తుతో సరిపెట్టకుండా 100, 500, 1500 మీటర్ల వంటి మూడు ఎత్తులకు, ఒకే గంటతో కాక ముందు వెనుక గంటలకు కూడా నడపాలి. గీతలన్నీ ఒకే దిశ నుండి వస్తే నమ్మకం పెరుగుతుంది. చెల్లాచెదురైతే ఆ రోజున మూలాన్ని నిర్ణయించలేమని అంగీకరించాలి.

గీతలు తూర్పు నుండి, భద్రాచలం పరిసర అడవుల మీదుగా వచ్చాయనుకుందాం. హైదరాబాద్ నుండి భద్రాచలం గగనమార్గంలో సుమారు 250 కిలోమీటర్లు. గాలి వేగం గంటకు 20 కిలోమీటర్లయితే ప్రయాణకాలం పన్నెండు, పదమూడు గంటలు. ఉదయం పది నుండి వెనుకకు లెక్కిస్తే క్రితం రోజు రాత్రి తొమ్మిది, పది గంటలు. ఆ వేళకు అక్కడ మంట సాగుతున్నదా అన్నది క్రితం మధ్యాహ్నం, ఆ రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో పడిన రెండు వీర్స్ దృశ్యాలు చెబుతాయి. రెండింటిలోనూ చుక్కలు ఉంటే కాలం, స్థలం రెండూ పొసగినట్లే. చుక్కలు పొలాలలో ఉన్నాయా, అడవిలో ఉన్నాయా అన్నది భువన్ పోర్టల్‌లోని భూవినియోగ పటంతో సరిచూడవచ్చు. ఆ తరువాతి రోజులలో లభించే సెంటినెల్-2 చిత్రంలో కాలిన మచ్చ ఆకారం మరొక ఆధారం. పొలం కాలితే మచ్చకు గట్ల వెంట సూటి అంచులు ఉంటాయి. అడవి కాలితే వాలు వెంబడి నాలుకల వలె చీలిన అంచులు ఉంటాయి. సెంటినెల్-5పి లోని ట్రోపోమి కొలిచే కార్బన్ మోనాక్సైడ్ పటం, ఐరోపా కోపర్నికస్ వాతావరణ సేవ విడుదల చేసే ఐదు రోజుల ఏరోసాల్ అంచనాలు పొగ మేఘపు మొత్తం రూపాన్ని చూపుతాయి.

ఇంత చేసిన తరువాత కూడా చెప్పగలిగినదానికి ఒక హద్దు ఉంది. ఇటువంటి మార్గాల లెక్కలో పొరపాటు సాధారణంగా ప్రయాణించిన దూరంలో 15 నుండి 30 శాతం వరకు ఉంటుంది. 250 కిలోమీటర్ల ప్రయాణానికి ఇది సుమారు 40 నుండి 75 కిలోమీటర్లు. అంటే ఒక జిల్లా వెడల్పు. కనుక 'ఈ పొగ గోదావరి లోయ అడవుల వైపు నుండి వచ్చి ఉండవచ్చు' అనడం శాస్త్రం. 'ఫలానా గ్రామం పోడు వల్ల వచ్చింది' అనడం శాస్త్రం అనుమతించని మాట. ఆధారాల గొలుసులో అతి బలహీనమైన కొక్కెం ఎంత బలంగా ఉంటే, ముగింపు కూడా అంతే బలంగా ఉండాలి.

ప్రాంతీయ సమస్యకు ప్రాంతీయ పరిశీలన

పొగ పరిపాలనా సరిహద్దులను గుర్తించదు. 1997లో ఎల్ నినో కరవుకాలంలో ఇండోనేషియా మంటల పొగ పొరుగు దేశాలను కమ్మిన తరువాత, ఆసియాన్ దేశాలు 2002లో సరిహద్దులు దాటే పొగపై ఒప్పందం చేసుకున్నాయి. సింగపూర్‌లోని ఆసియాన్ ప్రత్యేక వాతావరణ కేంద్రం అగ్ని సంకేతాలను, గాలులను, పొగ విస్తరణను ఒకే పటంపై ప్రకటిస్తుంది. ఒప్పందంతో మంటలు ఆగిపోలేదు. 2015లో మళ్లీ తీవ్రమైన పొగ వచ్చింది. అయినా మూలం గురించిన చర్చ ఊహాగానాల నుండి ఉమ్మడి ఆధారాల మీదికి మారింది. ఉత్తర భారతంలో వరి కోతల కాలంలో భారత వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన క్రీమ్స్ ప్రయోగశాల సెప్టెంబరు 15 నుండి నవంబరు 30 వరకు ఆరు రాష్ట్రాలలో పంట మంటలను నిత్యం లెక్కిస్తున్నది. తూర్పు కనుమలను పంచుకునే రాష్ట్రాలకు వేసవిలో అటువంటి ఉమ్మడి పొగ పటం ఎంతో ఉపకరిస్తుంది. వ్యవసాయ, అటవీ, వాతావరణ, కాలుష్య నియంత్రణ విభాగాల సమాచారాన్ని జోడించడం ఇందులో ప్రధానమైన పని.

విస్తరణ విభాగాలు చేయదగినవి

ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు ఫిబ్రవరి నుండి మే వరకు ఒక చిన్న దినచర్య పుస్తకాన్ని నిర్వహించవచ్చు. ఉదయం ఆరు, పది, సాయంత్రం ఆరు గంటలకు కనిపించే దూరం, వాసన, గాలి దిశ, ఆ దినపు ఉపగ్రహ చుక్కలు, వాతావరణ శాఖ చెప్పిన ద్రోణి స్థానం నమోదు చేస్తే చాలు. రెండు, మూడు వేసవులు గడిచేసరికి ఆ ప్రాంతపు పొగ నడక రూపం కడుతుంది. విద్యార్థులకు ఇది ఖర్చు లేని పరిశోధనాంశం.

ఆ పుస్తకం పొగ స్థానికమని చూపితే సలహా పొలానికి చేరాలి. కొయ్యకాళ్లను నేలలో కలియదున్నడం, గడ్డిని కట్టలు కట్టి పశుగ్రాసంగా తరలించడం, పత్తి కట్టెను యంత్రంతో ముక్కలు చేసి నేలలో కలపడం వంటి ప్రత్యామ్నాయాలకు కావలసిన యంత్రాలు సకాలంలో అద్దెకు దొరికేలా చూడడం అందులో భాగం. రబీ కోతకు, తరువాతి దుక్కికి మధ్య వ్యవధి తక్కువగా ఉన్నచోట యంత్రం లేని సలహా రైతుకు ఉపయోగపడదు. పొగ అడవి నుండి వస్తున్నట్లయితే సలహా ఇప్పపువ్వు, తునికాకు సేకరించే వారికి చేరాలి. చెట్టు కింద నిప్పు పెట్టడానికి బదులు ఊడ్చి, గుడ్డ లేదా వల పరచి పువ్వు సేకరిస్తే పువ్వు శుభ్రంగా ఉండి ధర కూడా మెరుగుపడే అవకాశం ఉంటుంది. పొగ దూరం నుండి వస్తున్నట్లయితే స్థానికులను నిందించడం వల్ల ప్రయోజనం లేదు. అప్పుడు చేయవలసినది రక్షణ. పొగ దట్టంగా ఉన్న గంటలలో బరువైన పొలం పనులను వాయిదా వేయడం, ఆస్తమా ఉన్నవారిని, గర్భిణులను, పసిపిల్లలను లోపల ఉంచడం, తప్పనిసరిగా బయట పని చేసేవారికి గుడ్డ కాకుండా ఎన్-95 మాస్కు సూచించడం ముఖ్యం. గుడ్డ పెద్ద దుమ్మును ఆపుతుంది కాని పొగలోని సూక్ష్మ కణాలను సరిగా ఆపదు.

ఒకే పొగకు మూడు వేర్వేరు సలహాలు ఉన్నాయి. మూలం తప్పుగా నిర్ణయిస్తే మంచి సలహా కూడా తప్పు చిరునామాకు చేరుతుంది. నిందపడిన రైతు తరువాతి సారి శాస్త్రవేత్త మాట వినడు, నిప్పు పెట్టవలసి వస్తే ఉపగ్రహం దాటిన తరువాత పెడతాడు. చుక్కను చుక్కగా, గీతను గీతగా, కొలతను కొలతగా చదివి, మూడూ ఏకీభవించినంత వరకే మాట్లాడడం ఈ పనిలో విస్తరణ శాస్త్రవేత్తలు పాటించవలసిన నియమం. రైతుల విశ్వాసం నిలిచేది దాని మీదనే.